మా ఇంటి అటుక

జగిత్యాల దగ్గర మా ఊళ్ళో గూనపెంకల ఇల్లు. ఇంటినుంచే పని చేసుకోవచ్చని అటుకని గదిగా మార్చే ప్లాను వేశా. టేపు పెడితే నడిమిట్ల ఏడడుగులు, గోడల దగ్గర మూడే! నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఏటవాలు కప్పున్న నివాసపు గదికి సగటున 2.75 మీటర్లు, అంటే 9 అడుగుల ఎత్తుండాలి. ఎక్సెల్‌లో ఎన్ని ఫార్ములాలు మార్చినా కప్పు లేవదు కదా :) పైగా మే నెల ఎండంతా ఆ పెంకల మీదే.

కప్పు లేపి కడదామంటే బాపు ఒప్పుకోలేదు. "మీ తాత ఆదిలాబాదు టేకు తెచ్చి ఏసిన దూలాలు. నువ్వు నాల్గు నెలలుండి పోతవు, గీ ఇల్లు ఇప్పుతవా?" అన్నాడు.

"పోను బాపూ" అనబోయి ఆగిపోయా.

ప్రస్తుతానికి లాప్‌టాప్ ముందరి అర్రలో, అవ్వ బియ్యం డబ్బా పక్కన.