అర కిలోకి ఏడు సెకన్లు

మొన్న ఆదివారం పొద్దున్నే కాలిఫోర్నియాలోని పోర్టోలా వ్యాలీలో చిన్న వంతెన దగ్గర సైకిళ్లు ఆపి నీళ్లు తాగుతున్నాం. మా బృందంలోకి కొత్తగా వచ్చిన ఖమ్మం కుర్రాడు పక్కకొచ్చి అడిగాడు: "అన్నా, కార్బన్ వీల్స్ వేయిస్తే ఎంత టైం తగ్గుతదంటవ్?" అతను చూసిపెట్టుకున్న జత ధర 2,000 డాలర్ల పైచిలుకు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

ఆ వంతెన నుంచి స్కైలైన్ రోడ్డు దాకా రెడ్‌వుడ్ చెట్ల కింద మెలికలు తిరుగుతూ ఎక్కే ఇరుకు దారే ఓల్డ్ లా హోండా. పొడవు 3.4 మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 1,290 అడుగులు. బే ఏరియాలో ఇద్దరు సైకిలు పందేలవాళ్లు కలిస్తే ముందు అడిగేది ఈ దారి ఎంతసేపట్లో ఎక్కుతావనే. 20 నిమిషాల లోపు ఎక్కినవాడికి మర్యాదే వేరు. కుర్రాడు 24 దగ్గర ఆగిపోయాడు.

"ఏడు సెకన్లు తగ్గుతుంది తమ్ముడూ" అన్నాను. అతను నమ్మలేదు. ఒకప్పుడు నేనూ నమ్మలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

లెక్క ఇదీ. అతని బరువు 72 కిలోలు. సైకిలు 8. బట్టలు, బూట్లు, నీళ్ల సీసా కలిపి ఇంకో 2. మొత్తం 82 కిలోలు. ఇంత బరువును 24 నిమిషాల్లో ఆ ఎత్తుకు చేర్చడానికే కాళ్లు నిలకడగా 220 వాట్లు ఇవ్వాలి. గాలి, టైరు రాపిడి, చైను తినేసేది కలుపుకుంటే 255 దాకా పోతుంది. చక్రాల జతలో అర కిలో తగ్గిందనుకుందాం. అదేమీ చిన్న తగ్గుదల కాదు. అయినా 82లో అర కిలో అంటే నూటికి అరవై పైసలు. 24 నిమిషాలంటే 1,440 సెకన్లు. బరువుతో సంబంధం లేని గాలి వంతు తీసేస్తే, అందులో మిగిలేది ఏడెనిమిది సెకన్లు.

"చక్రం తిరిగేది కదన్నా, దాని బరువు డబుల్ లెక్క అంటరు కదా" అన్నాడు. నాకూ ఒక దుకాణంలో ఇదే మాట చెప్పారు, నేనూ తల ఊపాను. అందులో సగమే నిజం. రిమ్ము ముందుకు పోతూనే తిరుగుతుంది కాబట్టి, వేగం పెంచేటప్పుడు అక్కడున్న అర కిలో ఇంచుమించు కిలోలా పనిచేస్తుంది. నిలకడ వేగంతో కొండ ఎక్కేటప్పుడు మాత్రం అర కిలో అర కిలోయే. ఊళ్లో నాలుగు వీధులు మూసి పెట్టే క్రిటీరియం పందెంలో ప్రతి మలుపు దాటగానే వేగం పెంచాలి, నిజమే. అక్కడైనా ఆ కిలో మన 82లో ఒక కిలోయే. అదే ముందువాడి చక్రానికి దగ్గరగా ఒదిగి తొక్కడం వస్తే, గాలి దెబ్బ తప్పి పావు వంతు శక్తి మిగులుతుంది. అది డబ్బుతో రాదు. పందేలు ఆడితేనే వస్తుంది.

లెక్కతో సరిపెట్టుకోలేక నేను తొక్కి కూడా చూశాను. మిత్రుడి తేలిక చక్రాలు అడిగి తెచ్చుకుని, వాటితో నాలుగుసార్లు, నా అల్యూమినియం చక్రాలతో నాలుగుసార్లు, పవర్ మీటరు చూసుకుంటూ అదే దారి ఎక్కాను. తేలిక చక్రాలు వేసుకున్న రోజు సైకిలు చేతిలో వేరేగా అనిపించింది. ఆ హుషారు అబద్ధం కాదు. కానీ ఒకే చక్రాలతో నిన్నటికీ ఇవాళ్టికీ ఇరవై ముప్ఫై సెకన్లు తేడా వచ్చింది. నిద్ర, ఎండ, ఎదురుగాలి, ముందురోజు తిన్న తిండి కలిసి ఆ ఏడు సెకన్లను మింగేశాయి.

అసలు తేడా ఉన్నది టైర్లలో. పంక్చరు కాకూడదని వేసుకునే మందపాటి టైరుకూ పందేలకు చేసిన మెత్తటి టైరుకూ రాపిడిలో తేడా చాలా ఎక్కువ. అంతే బరువున్న మనిషికి అదే కొండ మీద లెక్క వేస్తే ఆరు వాట్లు, అంటే అర నిమిషం. చదునులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే పదహారు వాట్లు. మంచి టైర్ల జత 150 డాలర్లలో వస్తుంది. టైరులో కొట్టే గాలి సంగతికి ఖర్చే లేదు. తెనాలిలో మా నాన్న సైకిలుకు గాలి కొట్టించినప్పుడల్లా టైరును బొటనవేలితో నొక్కి, అది రాయిలా ఉంటేనే డబ్బులిచ్చేవారు. ఆ అలవాటు నాతో ఇక్కడికీ వచ్చింది. చాలాకాలం 120 పీఎస్ఐ కొట్టాను. గతుకుల రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుందే తప్ప వేగం పెంచదు. ఇప్పుడు 28 మిల్లీమీటర్ల టైరులో 70 కొడుతున్నాను. నడుము నొప్పి కూడా తగ్గింది.

ఈ కొండల్లోనే తొక్కిన జాబ్స్ట్ బ్రాంట్‌ను తలుచుకోకుండా చక్రాల గురించి మాట్లాడలేను. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఇంజనీరుగా చేసిన ఆయన 1981లో 'ది బైసికిల్ వీల్' అనే పుస్తకం రాశారు. స్పోకులు ముందే బిగువుగా లాగి ఉంటాయి కాబట్టి, బరువు పడినప్పుడు కింది స్పోకుల బిగువు సడలుతుందనీ, ఆ రకంగా చక్రం కింది స్పోకుల మీదే నిలబడుతుందనీ ఆయన వివరించారు. 2015లో పోయారు. 36 స్పోకుల మామూలు చక్రాలతో ఆయన ఈ కొండల్లోని మట్టిదారులన్నీ తిరిగారు. ఆ పుస్తకం చదివాకే నేను చక్రానికి బెండు తీయడం నేర్చుకున్నాను.

ఆ నేర్పు అక్కరకొచ్చింది. రెండేళ్ల కిందట ఒక క్రిటీరియంలో నా ముందున్నతను పడిపోతే నేనూ పడ్డాను. ముందు రిమ్ము పనికిరాకుండా వంగిపోయింది. మరో అల్యూమినియం రిమ్ము కొని, చక్రం నేనే అల్లుకుని, మరుసటి వారం మళ్లీ పందెంలో నిలబడ్డాను. అది రెండు వేల డాలర్ల జత అయ్యుంటే ఆ ఏడాదికి నా పందేలు ఆగిపోయేవి.

తేలిక చక్రాలు ఎవరికీ వద్దని అనను. కొండ పందెంలో మొదటి రెండు స్థానాల మధ్య ఐదు సెకన్లే తేడా ఉన్నవాళ్లకు ఆ ఏడు సెకన్లు బంగారమే. ఇక చదును రోడ్డు మీద వేగంగా పోయేవాళ్లకు బరువు కంటే రిమ్ము ఆకారం ముఖ్యం, లోతైన రిమ్ము గాలిని బాగా చీలుస్తుంది. సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచీ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నియమం ఉంది కాబట్టి, పెద్ద జట్లకు కూడా గ్రాములు కోయడానికి ఒక హద్దుంది.

మా కుర్రాడు ఈ వేసవికి టైర్లు మార్చాడు, నాలుగు పందేలకు రుసుము కట్టాడు. కొత్తగా పందేలకు వస్తున్న తెలుగు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఒక్కటే: మీ చక్రాలు తిన్నగా తిరుగుతుంటే వాటితోనే ఒక ఏడాది పందేలు ఆడండి. కొనే సంగతి ఆ తర్వాత చూద్దాం.