బెండు కట్టిన తాళంచెవి

2024 నవంబరు 27. ప్రిక్లీ బే, గ్రెనడా

ఉదయం ఏడున్నరకి రేడియోలో పడవల వాళ్ళ పలకరింపులు మొదలయ్యాయి. ముందుగా అడిగేది రోజూ ఒకటే: ఎవరికైనా ఆపద ఉందా, వైద్యం కావాలా అని. అడిగాక అందరూ కాసేపు ఊరుకుంటారు. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం. రేవులో ఉన్న పడవలన్నీ చెవి ఒగ్గి ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాతే వాతావరణం, కొత్తగా వచ్చినవాళ్ళు, ఇవాళ వెళ్ళిపోయేవాళ్ళు, బజారుకెళ్ళే వ్యాను, ఎవరి దగ్గర ఏ సామాను మిగిలిందో. ఒకాయన పాత తెరచాప ఇస్తానన్నాడు. ఒకావిడ నీళ్ళ పంపుకి రబ్బరు వాషరు అడిగింది. మా డబ్బాలో ఉంటే మా ఆయన డింగీ వేసుకుని వెళ్ళి ఇచ్చి వచ్చారు.

ఇక్కడ పడవ పేరే ఇంటిపేరు. మాది 'గౌతమి'. ఆయన పుట్టింది యానాంలో, గౌతమి గట్టున. అందుకని ఆ పేరు. ముప్ఫై ఎనిమిది అడుగుల పాత పడవ, మాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. సంతలో కనబడితే నన్ను కూడా "గౌతమీ" అనే పిలుస్తున్నారు. మొదటి నెల సరిదిద్దేదాన్ని. ఇప్పుడు పలుకుతున్నాను.

నవంబరు 30, శనివారం

మౌంట్ ఎయిరీ అని కొండమీద పల్లె. శనివారాల్లో అక్కడి పిల్లల చేత పుస్తకాలు చదివించడానికి పడవల వాళ్ళు వెళుతుంటారు. నా దగ్గర కూర్చున్న పిల్లకి ఏడేళ్ళుంటాయి. "నువ్వు నీళ్ళమీద పడుకుంటావా? భయం వెయ్యదా?" అంది. రాత్రిపూట గాలి పెరిగితే వేస్తుందని చెప్పాను. పుస్తకం మూసేసి, జూలైలో వాళ్ళ అమ్మమ్మ ఇంటి కప్పు ఎలా లేచిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మది కారియకూ ద్వీపం. ఇవాళ్టికి మేమిద్దరం చదివింది అదే.

డిసెంబరు 4. టిరెల్ బే, కారియకూ

దారిలో సముద్రం అడుగున ఒక అగ్నిపర్వతం ఉంది, కిక్ ఎమ్ జెన్నీ. గ్రెనడా ఉత్తర కొసకి 8 కిలోమీటర్లు. 1939లో పేలినప్పుడే అది అక్కడ ఉందని లోకానికి తెలిసింది. దానికి కనీసం కిలోమీటరున్నర ఎడంగా పోవాలి. పైన నీళ్ళు మాత్రం అన్నిచోట్లా ఉన్నట్టే నీలంగా ఉన్నాయి.

మధ్యాహ్నం లంగరు వేసి తలెత్తి చూశాం. ఇద్దరికీ మాట రాలేదు. జూలై 1న బెరిల్ తుఫాను తీరం తాకింది సరిగ్గా ఈ ద్వీపం మీదే. గంటకి 240 కిలోమీటర్ల గాలి. జూన్ నెలలోనే నాలుగో శ్రేణికి చేరిన తుఫాను అట్లాంటిక్ రికార్డుల్లో అంతకుముందు లేదు. ఇంత దక్షిణానికి, ఇంత పెందలాడే రాదనే ధీమాతో ఎందరో పడవల్ని ఇక్కడి మడ చెట్ల మధ్య తాళ్ళతో కట్టి ఉంచారు. ఆ మడ ఇప్పుడు బూడిదరంగు కర్రల గుంపు. కర్రల మధ్య అడ్డంగా పడి ఉన్న పడవల స్తంభాలు.

మాది కాకినాడ. కోరంగి మడ అడవి చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చి వెళ్ళాక కోనసీమ కొబ్బరితోటలు తలలు లేని మొండేల్లా నిలబడ్డాయి. ఇక్కడి కొండవాలు చూస్తుంటే అదే గుర్తుకొచ్చింది.

రోడ్డు పక్కన టార్పాలిన్ కింద ఒకావిడ పచ్చి కందికాయలు అమ్ముతోంది. ఇక్కడ క్రిస్మస్ వంటకి కందులు ఉండాల్సిందే. ఆ టార్పాలినే ఆమె ఇంటికి కప్పు కూడా. కాయలు తూచి ఇస్తూ, "తుఫానులో మీ పడవకి ఏమైనా అయిందా?" అని అడిగింది. మేం అప్పుడు గ్రెనడా దక్షిణాన గట్టు మీద భద్రంగా ఉన్నాం. ఏమీ కాలేదని చెప్పడానికి నోరు రాలేదు.

డిసెంబరు 6

విండ్‌వర్డ్ ఊరికి బస్సులో వెళ్ళాం. ఒడ్డునే చెట్ల నీడలో కొయ్య పడవలు కట్టే ఊరు. కారియకూ, పెటీ మార్టినీక్‌ల పడవల పనితనాన్ని 2023లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. పక్కటెముకల్లాంటి కొయ్యల కోసం సహజంగా వంగి పెరిగిన కొమ్మల్ని వెతికి తెస్తారు. కొత్త పడవని నీళ్ళలోకి దింపే రోజు ఊరంతా చేరుతుంది. మేకల్ని, గొర్రెల్ని కోస్తారు, రమ్ము చల్లుతారు, పాదిరి దీవిస్తాడు. మా ఉప్పాడలో కొత్త బోటుకి కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ పెట్టడం చెప్పాను. పడవ కట్టే పెద్దాయన శ్రద్ధగా విని, ఏ కొయ్య వాడతారని అడిగాడు. చాలా బోట్లు ఇప్పుడు ఫైబరువే అన్నాను. తల ఊపాడు. ఆయన ముఖంలో బాధ కనబడింది.

డిసెంబరు 12. టొబాగో కేస్

గుర్రపు నాడా ఆకారంలో పగడపు దిబ్బ. దాని అవతల ఆఫ్రికా దాకా నేల లేదు. అలలు దిబ్బ మీద విరిగిపోతాయి, గాలి మాత్రం ఆగదు. తాబేళ్ళు అడుగున గడ్డి మేస్తున్నాయి. ఆ గడ్డిలో లంగరు వేయకూడదు. గడ్డి చెడుతుంది, లంగరూ పట్టదు. ఇసుక కనబడే దాకా మూడుసార్లు తిరిగాం.

డిసెంబరు 23. అడ్మిరల్టీ బే, బెక్వే

చార్టు మీద అక్షాంశం 13 డిగ్రీలు. దాదాపు చెన్నైది. అందుకేనేమో సంతలో ప్రతిదీ తెలిసినదే. చేమ ఆకులు (వీళ్ళు కలలూ అని పులుసులాగే చేస్తారు), చింతపండు, మునగ, సీమపనస. సీమపనస ఈ దీవులకి 1793లో వచ్చింది, కెప్టెన్ బ్లై తహితి నుంచి మొక్కలు తెచ్చాడు. తోటల్లో బానిసలకి చవకగా తిండి పెట్టడానికి. ఆ పండునే నిప్పుల మీద కాల్చి, ఇప్పుడు ఆ బానిసల మునిమనవలు పండగనాడు అతిథులకి వడ్డిస్తున్నారు. వెన్న రాసి తిన్నాను, ముద్దపప్పు ఉంటే బాగుండుననిపించింది.

సూర్యుడు నీళ్ళని తాకేసరికి పడవల మీంచి శంఖాలు ఊదారు. మన పూజ శంఖం కాదిది, లోపల గులాబీరంగు ఉండే పెద్ద గవ్వ. ఒక పడవలో మొదలైతే రేవంతా అందుకుంటుంది. ఊదేవాళ్ళకి అది సరదా. నాకు మాత్రం అమ్మ దీపం పెట్టే వేళ గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

డిసెంబరు 26, రాత్రి నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను

ఈ రోజుల్లో వీచే గాలిని క్రిస్మస్ గాలులంటారు. మామూలుగా పదిహేను, ఇరవై నాట్లు ఉండేది ముప్ఫైకి ఎక్కుతుంది. ఈ రేవులో కొండల మీంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది.

తొమ్మిదిన్నర దాటాక ఎవరో పడవ పేరు పెట్టి రేడియోలో పిలవడం మొదలుపెట్టారు. జవాబు లేదు. మళ్ళీ పిలిచారు. బయటికి వచ్చి చూస్తే మా ముందున్న రెండు పొట్టల పెద్ద పడవ వెనక్కి జారుతోంది. లైట్లు వెలగడంలేదు. మనుషులు ఒడ్డున విందుకి వెళ్ళారు.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా డింగీలోకి దిగారు. నేను మా పడవ పక్కలకి గాలి తిత్తులు వేలాడదీస్తూ నిలబడ్డాను. పక్క పడవలోని నోవా స్కోషియా ముసలాయన అప్పటికే బయల్దేరాడు, డెబ్భై దాటిన మనిషి. ఎక్కడివాళ్ళో ఒక ఫ్రెంచి కుర్ర జంట. బెక్వేలో వాటర్ టాక్సీ నడిపే అబ్బాయి. ఎవరూ ఎవరినీ పురమాయించలేదు. టాక్సీ అబ్బాయి తన బోటు ముక్కుని పెద్ద పడవ వెనక ఆనించి ఇంజను గట్టిగా పెంచాడు, ఎద్దు కొమ్ముతో బండిని ఆపినట్టు. ముసలాయన పైకెక్కాడు. ఇంజను తాళంచెవి దొరకలేదు. చేత్తోనే బ్రేకు విప్పి గొలుసు వదిలాడు: ఇరవై మీటర్లు, ఇంకో ఇరవై. గొలుసు ఎంత పొడుగు పడుకుంటే లంగరు అంత అడ్డంగా లాగబడి ఇసుకలోకి దిగుతుంది. ఈ పడవ వాళ్ళు పొద్దున గాలి లేని వేళ పొట్టిగా వదిలినట్టున్నారు. మాకు ఒక పడవ పొడుగు దూరంలో ఆగింది.

అందరూ అక్కడే కాపలా కూర్చున్నారు. పదకొండున్నరకి యజమానులు వచ్చారు. ఆవిడ తమ పడవ నిండా తెలియని మనుషుల్ని చూసి బెదిరింది, తర్వాత సంగతి తెలిసి ముసలాయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. విందులో మూటగట్టి ఇచ్చిన నల్ల కేకు ముక్కలు చేసి అందరికీ పెట్టింది. టాక్సీ అబ్బాయి డబ్బు తీసుకోలేదు. రేపు పొద్దున రొట్టె కావాలంటే చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను అన్నాడు.

డిసెంబరు 27

ముసలాయన కాఫీకి వచ్చి, మీ ఇంజను తాళంచెవి ఎక్కడుంటుందో చెప్పండి అన్నాడు. నాకు మా గొల్లలవీధి ఇల్లు గుర్తొచ్చింది. ఊరెళ్ళేటప్పుడు అమ్మ తాళంచెవి పక్కింటి పిన్నిగారికి ఇచ్చి, వర్షం వస్తే డాబా మీద ఒడియాలు తీయమని చెప్పి వెళ్ళేది. లోపలికి వెళ్ళి మారు తాళంచెవి తెచ్చి ఆయనకే ఇచ్చేశాను. తాళంచెవికి బెండుముక్క కట్టి ఉంటుంది, చెయ్యి జారి నీళ్ళలో పడ్డా తేలడానికి. ఆయన తన తాళంచెవి మాకిచ్చాడు. దానికీ బెండే.

2025 జనవరి 9

సెయింట్ విన్సెంట్‌కీ సెయింట్ లూషియాకీ మధ్య జలసంధి. ఎదురుగాలి, ఎదురు నీళ్ళు. ఎనిమిది గంటలు. వాంతులు. ముసలాయన పడవ దీపం ముందు కనబడుతూనే ఉంది.

జనవరి 21. సాంపియేర్, మార్టినీక్

1902 మే 8 పొద్దున మోన్ పెలే పేలి, నిమిషాల్లో ఈ ఊరు ఊరంతా పోయింది. దాదాపు 30 వేల మంది. రేవులో లంగరు వేసి ఉన్న ఓడలు ఉన్నచోటే కాలి మునిగాయి. ఇప్పటికీ కిందనే ఉన్నాయి. లంగరు వేయగల లోతు ఒడ్డు పక్కన సన్నటి పట్టీ మాత్రమే, ఆ పట్టీ మీదే మేమూ. గొలుసు రాత్రంతా దేనికో తగులుతూ మోగింది.

ఫిబ్రవరి 18. గ్వాడెలూప్

పాయింటాపీట్ర్‌లో పడవ కట్టి, కాపెస్తేర్ దగ్గరి షాంజీ గుడికి బస్సెక్కాం. గోపురం మీద బొమ్మలు, కొబ్బరికాయ పీచు వాసన. అమ్మవారిని వీళ్ళు మాలియెమ్మెన్ అంటారు, మన మారెమ్మే. 1854 డిసెంబరు చివర్లో ఒరేలీ అనే ఓడ మన దేశపు మొదటి కూలీలను ఇక్కడ దింపింది. 1889 దాకా సుమారు 42 వేల మంది వచ్చారు, ఎక్కువమంది పాండిచ్చేరి, కారైకాల్ నుంచి ఓడ ఎక్కిన అరవవాళ్ళు. యానాం కూడా అప్పట్లో ఫ్రెంచివాళ్ళదే.

వాళ్ళ పిల్లలకి ఈ గడ్డ మీద పుట్టినా ఓటు లేదు. ఈ కాపెస్తేర్ మనిషే ఆంరీ సిదంబరోం 1904లో కోర్టుకెక్కి, 1923 దాకా పోరాడి ఆ హక్కు సాధించాడు. పంతొమ్మిదేళ్ళు. ఆయన గురించి మా చదువులో ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు.

గుడి ఊడ్చే పెద్దావిడ మా ఆయన్ని ఏ ఊరని అడిగింది. "యానాం" అన్నారు. ఆవిడ ఆ పేరుని రెండుసార్లు మెల్లిగా పలికి, ఎప్పుడూ వినలేదంది. అయినా వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టింది. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, నేను పలకరించలేదు. మేం గాలి కోసం ఎంచుకుని వచ్చిన సముద్రం ఇది. వాళ్ళని ఓడ అడుగున నెలల తరబడి కుక్కి తెచ్చారు.

మార్చి 14. ఇంగ్లీష్ హార్బర్, ఆంటిగువా

అక్షాంశం 17. అచ్చంగా కాకినాడ. ధ్రువనక్షత్రం ఎత్తు అక్షాంశమంతే ఉంటుంది కాబట్టి, మా డాబా మీంచి కనబడినంత ఎత్తులోనే ఇక్కడా కనబడుతోంది. ఆయన్ని లేపి చూపించాను.

ఒక ఇంగ్లీషు దంపతులు మీ దేశంలో ఆడవాళ్ళు పడవలు నడుపుతారా అని మామూలుగానే అడిగారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆరుగురు నౌకాదళ స్త్రీలు తారిణి అనే పడవ మీద భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న తిరిగొచ్చిన కథ చెప్పాను. 254 రోజులు. అందులో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. దక్షిణ సముద్రంలో వాళ్ళు ఎదుర్కొన్న అలల గురించి చెబుతుంటే నా గొంతు దానంతట అదే పెద్దదయింది.

మే 24. గ్రెనడా

జూన్ 1కి తుఫానుల కాలం మొదలు. పడవలన్నీ దక్షిణానికి దిగాయి. క్రేను 'గౌతమి'ని పైకెత్తినప్పుడు అడుగున అంటుకున్న నత్తగుల్లలు, నాచు చూసి ఆయన గీకుడు చెక్క పట్టుకున్నారు. పడవని ఉక్కు కాళ్ళ మీద నిలబెట్టి, నాలుగు పట్టీలతో నేలలోకి బిగించి కట్టారు. బెరిల్ తర్వాత అందరూ పట్టీలు రెట్టింపు చేస్తున్నారు.

కారియకూ వెళ్ళే బోటులో టార్పాలిన్ కిందావిడకి కప్పు రేకుల మేకులు, రెండు కొత్త తాళ్ళు పంపాం. తర్వాత ఆవిడ దగ్గర్నుంచి ఎండు కందులు వచ్చాయి, ఒక సంచి.

జూన్ 1

నోవా స్కోషియా ముసలాయన తెల్లవారుజామున పనామా కాలువ వైపు బయల్దేరాడు. ఆ కాలువ దాటితే పసిఫిక్. మేం యార్డులో నిచ్చెన మీద నిలబడి చేతులూపాం, కనబడ్డామో లేదో. పదింటికి రేడియో అందే దూరం ఇంకా దాటకముందు పిలుపు వచ్చింది.

"గౌతమి, గౌతమి. మీ తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది."

లోపల మేకుకి ఆయనది వేలాడుతోంది.

"ఉండనివ్వండి" అన్నాను.