ఇల్లు పోయినవారు

గత వేసవి సెలవులలో మా మేనల్లుడు మెల్‌బోర్న్ నుండి వనపర్తికి వచ్చి మా యింట పది దినములుండెను. వాని పెట్టెలో మాకొక చొక్కాయు, మా నాయనగారికొక ఉన్ని శాలువయు వచ్చినవి. వనపర్తి యెండలలో ఉన్ని శాలువ యెందుకని యెవరును అడుగలేదు. మూడవనాటి రాత్రి వాడు తన ల్యాప్‌టాపు తెరచి, “మామా, బడిల ఇంగ్లీషు చెప్తవు గద, మా దిక్కు ఇంగ్లీషు ఎట్లుంటదో చూడు” అని యొక చలనచిత్రమును పెట్టెను.

మేము చలనచిత్రములను అంతగా మెచ్చువారము కాము. కథానాయకుల కటౌట్లకు పాలు పోసి వచ్చిన పిల్లలను మరునాడు ప్రార్థన వేళ నిలువబెట్టి మందలించిన ఉపాధ్యాయులలో మేమును ఒకరము. పాలు పోసిన పిల్లవాని యింట తేనీటికి పాలుండవని యెరుగుదుము గనుక ఆ మందలింపును ఇప్పటికిని ఉపసంహరించుకొనము. అదియునుగాక, మేము గద్వాలలో సంస్కృతము నేర్చినవారము. సంస్థానపు రోజులలో విద్వద్గద్వాల యని పేరుపొందిన ఊరది. నాటకమునకు ప్రఖ్యాతవంశ్యుడు నాయకుడు కావలెనని ధనంజయుని దశరూపకము చెప్పగా విని, సామాన్యుని కథ రసమునకు చాలదని చాలకాలము నమ్మితిమి. ఆ దశరూపకమే ప్రకరణమను వేరొక రూపకమును చెప్పుచున్నది. అందు కథ కల్పితము, లోకమునకు చెందినది. నాయకుడు మంత్రియో, విప్రుడో, వర్తకుడో కావచ్చును. దరిద్రుడైన చారుదత్తుని మృచ్ఛకటికము ప్రకరణమే. ఏటేట పిల్లలకు ఈ లక్షణమును వల్లెవేయించితిమే కాని, అది మన వీధిలోని మనుష్యుని గురించి యని ఒక్కనాడును తోచలేదు.

ఆ రాత్రి చూచిన చిత్రము పేరు ‘ది కాజిల్’. 1997లో రాబ్ సిచ్ అను దర్శకుడు 11 దినములలో చిత్రీకరించినది. అందలి గృహస్థు డారిల్ కెరిగన్, చెడిపోయిన కార్లను లాగుకొనిపోవు బండి నడుపువాడు. వాని యిల్లు విమానాశ్రయమునకు ఆనుకొని యున్నది. నెత్తిమీదుగా విమానములు పోవుచుండును. వాడు దానిని లోపమనుకొనడు, సౌకర్యమనుకొనును. భార్య ఏ వంట చేసినను అది అమృతమే. పెద్దకొడుకు జైలులో నున్నాడు. తండ్రి పోయి చూచివచ్చును. పిల్లలు తెచ్చిన పనికిమాలిన కానుకలను గూడ ప్రత్యేకముగా నొక గదిలో దాచుకొనును. అట్టివాని యింటిని విమానాశ్రయ విస్తరణకై ఇంత సొమ్మిచ్చి తీసికొందుమని కాగితము వచ్చును. వాడు పోనని భీష్మించును. చిన్న వకీలు ఓడిపోవును. న్యాయస్థానపు మెట్లకడ పరిచయమైన యొక వృద్ధ న్యాయవాది ఫీజు లేకయే వాదింపగా, ఆస్తి తీసికొనవలెనన్న న్యాయమైన షరతులపైననే తీసికొనవలెనను రాజ్యాంగ వాక్యము ఆధారముగా, దేశపు అత్యున్నత న్యాయస్థానములో గెలుచును. నడుమ నొకచోట, తమ భూములను పోగొట్టుకొన్న ఆదిమజాతుల బాధ తనకిప్పుడు తెలియుచున్నదని వాడనును. ఆ దేశములో ఆదిమజాతుల భూమిహక్కును అంగీకరించిన మాబో తీర్పు 1992 నాటిది. హాస్యచిత్రమే యైనను ఈ మాట నవ్వులాట కాదు.

మా నాయనకు ఆంగ్లము రాదు. మేము ప్రక్కన గూర్చుండి పాలమూరు తెనుగులో చెప్పుచుంటిమి. ఆయన నవ్వవలసిన చోట్ల నవ్వలేదు. చిత్రము ముగిసిన తరువాత చాలసేపూరకుండి యిట్లనెను:

“వాళ్ళు ఇల్లు పోతున్నదంటె అందరొక్కటైనరు. మనం ఇల్లు పోయినంక రెండైనం.”

మేనల్లునికి అర్థము కాలేదు. మాకైనది.

శ్రీశైలము జలాశయమునకై కృష్ణా తుంగభద్రల యొడ్డున నూరుకు పైగా గ్రామములు మునిగినవి. 1981 నాటి మాట. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. మనుష్యులను అట్లు విప్పి పేర్చుట సాధ్యము కాలేదు. కొల్లాపురము దిక్కున నదియొడ్డున నున్న మా తాతగారి యిల్లు మునిగినప్పుడు మేము నడకరాని పిల్లవారము. మా పెద్దనాయన పునరావాసపు కాలనీ చేరెను. మా నాయన వనపర్తికి వచ్చి కిరాణా కొట్టులో గుమాస్తాయయ్యెను. ఎండాకాలమున నీరు తగ్గినప్పుడు పాత ఊరి గోడలు బురదలోనుండి తేలును. మా నాయన కొన్ని యేండ్లు పోయి చూచి వచ్చెడివాడు. రోటిరాయి ఒకటి తన స్థానముననే యున్నదని ఒకమారు చెప్పెను.

మన చలనచిత్రముల సంగతి యోచింపగా ఒకటి తోచుచున్నది. ఆస్ట్రేలియావారు 1906లోనే కెల్లీ యను బందిపోటు కథను గంటకు పైబడిన చిత్రముగా తీసిరి. 1920లో రడ్ అను పేదరైతు కుటుంబమును తెరకెక్కించిరి. మన తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలయ్యెను. అందు తప్పేమియు లేదు, ప్రహ్లాదుడును తండ్రితో తగవుపడిన పిల్లవాడే. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసిరి, రెండవదానిపై జమీందారులు మండిపడిరి. మా సీమవాడైన సురవరము ప్రతాపరెడ్డిగారు రాజుల వరుసలను ప్రక్కకు నెట్టి, జనుల తిండిని, బట్టను, ఆటలను చరిత్ర యనిపించి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించిరి. ఆ దృష్టి సినిమాకు చాల ఆలస్యముగా సోకినది. కూలికై పట్టణమునకు పోయి మేడలు కట్టువారి కథను బి. నర్సింగరావుగారు ‘మట్టి మనుషులు’గా 1990లో తీసిరి. పాలమూరు కూలీలు కట్టని మేడ హైదరాబాదులో నెక్కడనున్నదో చూపువారుండిన చెప్పవలెను. అయినను ఆ చిత్రము మా పాలమూరులో ఎందరు చూచిరి?

ఎందరో చూచినది 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’. చచ్చిపోయిన కొమురయ్య యను ముసలివాని పిండమును కాకి ముట్టకపోవుట, దానికి కారణము ఇంటివారి పగలని తేలుట, ఆ పగలలో నొకటి విందులో నల్లిబొక్క గురించి పుట్టుట. ఊరూర వీధిలో తెరకట్టి దానిని చూపిరి. మేమును మా నాయనను తీసికొనిపోయితిమి. చివర బుడగజంగాలవారు పాట యెత్తుకొనగానే స్త్రీలు ఏడ్చిరి, పురుషులు తలపాగ కొంగులతో ముఖము తుడుచుకొనిరి. మా నాయన పాట ముగియకమునుపే లేచి యింటికి నడచిపోయెను. ఆయనకు కాళ్ళు నొచ్చినవనుకొంటిమి. ఉపాధ్యాయులము గదా, కారణములు మాకు వెంటనే తోచును.

ఇక చెప్పక తప్పనిదొకటి. 2002 ప్రాంతమున మా తాతగారి యింటికి, చేనికి పెంచిన పరిహారము మంజూరయ్యెను. కాగితములలో పెద్దనాయన పేరుండెను. సొమ్ము ఆయన చేతికి వచ్చెను. ఆయన వెంటనే పంచలేదు. తొందరపడవద్దని మా నాయన మొదట అనెను. మేమప్పుడే డిగ్రీ ముగించి, నాలుగు ఆంగ్ల పదములు నాలుక చివర నుండి దిగక తిరుగుచున్న కాలము. వకీలు అక్కరలేదని చెప్పి, పెద్దనాయనకొక నోటీసు మేమే ఆంగ్లములో వ్రాసితిమి. తెనుగు రాని వారికా వ్రాయుట? కాదు, ఆంగ్లము రాని వానికి. మోసమను మాటకు ఆంగ్లములో నెన్ని పర్యాయపదములున్నవో అన్నియు అందులో పెట్టితిమి. నాయనచేత సంతకము చేయించి రిజిస్టరు తపాలాలో పంపితిమి. ఆయనకు దానిలో నేమున్నదో పూర్తిగా చెప్పలేదు. ఆరునెలలకు పెద్దనాయన సగము సొమ్మును ఊరివాని చేతికిచ్చి పంపెను, మాట మాత్రము పంపలేదు. నాటినుండి పెండ్లికి పిలుపు లేదు, చావుకు రాక లేదు.

మేనల్లుడు తిరిగి ప్రయాణమగుటకు ముందు మేమిద్దరము కొల్లాపురము బస్సెక్కితిమి. నాయనను రమ్మంటిమి, శాలువ నిచ్చి, “ఇది ఇయ్యి. ఆయనకు సలి ఎక్కువ” అనెను.

పెద్దనాయన మంచములో నుండెను. చూపు తగ్గినను గొంతు గుర్తుపట్టి, “రా సారూ” అనెను. శాలువను తడిమి చూచి ప్రక్కన పెట్టుకొనెను. పెద్దమ్మ చాయ పెట్టెను. ఇల్లు మునిగిన సంగతి కాని, సొమ్ము సంగతి కాని ఎవరును ఎత్తలేదు. లేవబోవుచుండగా ఆయన ట్రంకుపెట్టె తెరిపించి, రేషనుకార్డు కవరులోనుండి పసుపు పారిన కాగితమొకటి తీయించెను. మా దస్తూరి మాకు తెలిసినది.

“ఎవల్తోని చదివియ్యలే. ఇంటి మాట బయటోనికి ఎట్ల సూపిస్త?” అని దానిని మా చేతికిచ్చి, “ఇప్పుడు నువ్వే చెప్పు, నాకర్థమయ్యేటట్టు” అనెను.

మేనల్లుడు మా భుజముమీదుగా తొంగిచూచి ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను. మేము కండ్లజోడు పెట్టుకొంటిమి. పెద్దనాయన గోడకు చేరగిలబడి, “మెల్లగ చదువు” అనెను.