కడిగిన ట్రాక్టరు

ఖర్కాయి నది దాటి జంషెడ్‌పూరు నుండి ఆదిత్యపూర్‌కు వచ్చేవారిని మొదట పలకరించేది దుమ్ము. చిన్నా పెద్దా కార్ఖానాల నడుమ ఇటుకలూ ఇసుకా మోసే ట్రాక్టర్లు పొద్దస్తమానం తిరుగుతూ ఉంటాయి. వాటి అసలు రంగు చూడవలెనంటే విశ్వకర్మ పూజ దాకా, అనగా ఇంచుమించు సెప్టెంబరు 17 దాకా, ఆగవలసిందే. మన ఆంధ్రదేశంలో ఆయుధపూజకు జరిగే ముస్తాబు ఇక్కడ ఆనాడు జరుగుతుంది. యంత్రాలకు స్నానం, బొట్టు, బంతిపూల దండ. మరునాటి నుండి మళ్ళీ దుమ్మే.

మా పొరుగున ఉన్న పెద్దాయన మాత్రం ప్రతి ఆదివారమూ తన ట్రాక్టరును కడిగేవాడు. ఆయన తండ్రి ఎన్నడో శ్రీకాకుళం నుండి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవాడు. నేను కిటికీ దగ్గర అనువాదం చేసుకొంటూ, ఆ తంతు చూసి నవ్వుకొనేవాణ్ణి. ఒకనాడు ఉండబట్టలేక, “మట్టి మోసేదానికి ఈ సోకు ఎందుకండీ?” అని అడిగాను.

“ఇలా వచ్చి చూడండి మాస్టారూ,” అన్నాడాయన.

రేడియేటరు సందులలో ఊకా దుమ్మూ పేరుకొని ఉన్నవి. అవి గాలిని ఆపితే ఇంజను కాగిపోతుందట. గ్రీజు ఎక్కించే మూతిని తుడవకపోతే గ్రీజుతో పాటు ఇసుక కూడా లోపలికి పోయి బేరింగును తినివేస్తుంది. చక్రపు నట్టు వదులైతే దాని చుట్టూ తుప్పు చార దిగుతుంది. మట్టి కప్పి ఉంటే అది కనబడదు. ఇంజను చల్లారనిదే ఆయన నీళ్ళు పోయడు, గాలి వడపోసే డబ్బా మూతివైపు ధార పోనివ్వడు. ఆ చేతులను చూస్తూ ఉంటే నా శుద్ధప్రతులు జ్ఞాపకం వచ్చినవి. తొందరలో దాటవేసిన వాక్యం బయటపడేది అప్పుడే గదా!

కొన్నేళ్ళకు ఆయన మోకాళ్ళు క్లచ్చి తొక్కనివ్వలేదు. శస్త్రచికిత్సకు డబ్బు కావలసివచ్చి ట్రాక్టరు అమ్మకానికి పెట్టాడు. వెనుక ఇరుసు దగ్గర నూనె కొద్దిగా చెమరుస్తున్నది. దళారి వచ్చి, డీజిలుతో తుడిచి కొత్త రంగు కొట్టించమన్నాడు. “చమక్ బిక్తీ హై, చాచా!” మెరుపే అమ్ముడుపోతుందట. నేను కూడా, చెప్పుకొనుటకు సిగ్గే గాని, వాని మాటనే బలపరచాను. మోకాళ్ళ బాధ కళ్ళారా చూస్తున్నాను మరి.

ఆయన ఎప్పటివలెనే నీళ్ళతో కడిగి, ఆ చెమ్మను అలాగే వదిలివేశాడు. కొనవచ్చిన కుర్రవాడు దానిని వేలితో తడిమి చూసి, పన్నెండు వేలు తగ్గించి అడిగాడు. ఇచ్చివేశాడు. అమ్మకపు కాగితం హిందీలో నేనే వ్రాశాను. నూనె సంగతి కూడా వ్రాయమని ఆయన దగ్గర కూర్చొని వ్రాయించాడు.

ఆ రాత్రి బల్లమీది శుద్ధప్రతిని మళ్ళీ తెరిచాను. మూలంలోని ఒక పలుకుబడి బోధపడక, సొంపైన తెలుగు మాటతో కప్పి దాటిన చోటు మూడవ పుటలో ఉన్నది. దానిని కొట్టివేశాను. సరైన మాట ఆనాడు దొరకలేదు.