అంకెకు ఆమ్రేడితం

పద్యానికి గణవిభజన చేయడం నాకు ముప్పై యేండ్లకు పైగా నల్లబల్లమీద అలవాటైన పని. అక్షరాల నెత్తిన లఘువుకు నిలువుగీత, గురువుకు వంకరగీత గీసి, గణాలుగా విడదీసి, క్రింద వాటి పేర్లు వ్రాస్తే సగం పాఠం అయిపోయేది. ఆ పనినే కదిలే బొమ్మగా చేయాలనే కోరిక ఉద్యోగవిరమణ తరువాత, ఈ వయసులో పుట్టింది. దానికి కారణం ఒక పాత క్యాసెట్టు.

1991లో మా ఇంటి టేపురికార్డరులో నా భార్య చదివిన పద్యాలు కొన్ని అందులో ఉన్నాయి. ఆమె సంగీతం నేర్చినది కాదు. పుట్టింట తండ్రిగారి నోట విని పట్టుకొన్న బాణీ. గజేంద్రమోక్షంలోని ఒక ఉత్పలమాల అంటే ఆమెకు ప్రాణం. ఆమె వెళ్లిపోయేనాటికి మా మనుమరాలు రెండేండ్ల పిల్ల. ఇప్పుడు పదహారేండ్లు. నాయనమ్మ గొంతు దానికి జ్ఞాపకం ఉండే అవకాశం లేదు. పరాయి రాష్ట్రంలో చదువు కావడం వలన తెలుగు కూడబలుక్కొని చదువుతుంది. గొంతు వినిపిస్తూ ఉండగా ఏ అక్షరం పలుకుతూంటే ఆ అక్షరం తెరమీద వెలిగేటట్లు చేసి పంపితే, వినడమూ చదవడమూ ఒక్కసారే జరుగుతాయి గదా అనుకొన్నాను.

సాధనం చెప్పినది కూడా ఆ పిల్లే. గణితపాఠాలను బొమ్మలుగా చూపడం కోసం గ్రాంట్ శాండర్సన్ అనే ఆయన 2015లో మొదలుపెట్టిన మానిమ్ అనే సామగ్రి ఒకటి ఉన్నది. పైథాన్ భాషలో ఆజ్ఞలు వ్రాసి ఇస్తే అది వీడియోను తయారుచేసి పెడుతుంది. అందులో టెక్స్ట్ అనే ఆజ్ఞతో వ్రాసిన తెలుగులో వత్తులు, గుణింతాలు చెదరకుండా వస్తాయి. నాకు కావలసినది అంతే. పైథాన్ ఓనమాలు ఫోనులో మనుమరాలి దగ్గర దిద్దుకొన్నాను. గురుస్థానం ఇలా తారుమారు కావడంలో ఒక సుఖం ఉన్నది.

ఉత్పలమాలకు పాదానికి భ ర న భ భ ర వ గణాలు. 20 అక్షరాలు. గురువుకు రెండు, లఘువుకు ఒకటి చొప్పున 28 మాత్రలు. నాలుగు పాదాలకు 112. టేపులో పద్యం నడిచిన కాలం 47 సెకన్లు. అంటే మాత్రకు సుమారు 0.42 సెకను. గురువు అయితే దానికి రెట్టింపు సేపు వెలగాలి. శాస్త్రం ప్రకారం ఇంతకన్న సులభమైన లెక్క లేదు.

అక్షరాలను విడదీసే పని మాత్రం యంత్రానికి అప్పగించలేదు. మనకు ‘స్త్రీ’ ఒక అక్షరం. దానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. అందుచేత నేనే వరుసకు ఒక అక్షరం, కామా, దాని మాత్రల సంఖ్య చొప్పున 80 వరుసలు ఒక పత్రంలో వ్రాసి పెట్టాను. అంకెలు తెలుగు అంకెలే. నా నోటుపుస్తకాలలో మొదటినుంచీ అవే వేస్తాను. ఒక్కొక్క వరుసను చదివి, మాత్రలను 0.42తో గుణించి, అంతసేపు అక్షరాన్ని వెలిగించమని ఆజ్ఞ వ్రాసి నడిపించాను.

తెరనిండా ఎర్రని వ్రాత. చివర ‘టైప్ ఎర్రర్: కాంట్ మల్టిప్లై సీక్వెన్స్ బై నాన్-ఇంట్ ఆఫ్ టైప్ ఫ్లోట్’ అని ఉన్నది. అయితే ఆ చివరి వరుసను నేను చదివినది మూడవనాడు. మొదటి రెండు రోజులూ పైనుంచి చదువుకొంటూ వచ్చి, నేను వ్రాయని దస్త్రాల పేర్లూ, నాకు తెలియని వరుసల సంఖ్యలూ చూసి, సామగ్రినే సరిగా ఎక్కించుకోలేదేమోనని తీసివేసి మళ్లీ ఎక్కించాను. అలా రెండుసార్లు. శ్లోకానికి అన్వయం చెప్పేటప్పుడు క్రియ ఎక్కడ ఉన్నదో ముందు వెదకమని పిల్లలకు చెప్పినవాణ్ణి, క్రియ చివర వచ్చే భాషలో పుట్టినవాణ్ణి, ఈ నివేదికకు మాత్రం అడుగునుంచి అన్వయం చెప్పుకోవాలని తోచలేదు.

చివరి వరుస చదివిన తరువాతా అర్థం కాలేదు. ‘పూర్ణాంకం కానిదానితో వరుసను గుణించలేను’ అంటున్నది. వరుస ఎక్కడిది? నేను గుణించినది రెండును గదా!

మనుమరాలికి ఫోను చేసి పత్రం వివరం చెప్పాను. “తాతయ్యా, అది రెండు అని మీకు తెలుసు, దానికి ఇంకా తెలియదు. పత్రంలోనుంచి వచ్చేదంతా దాని లెక్కలో అక్షరాలే. నమ్మకం లేకపోతే రెండును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి మూడుతో గుణించి చూడండి” అన్నది.

చూశాను. ఆరు రాలేదు. 222 వచ్చింది. రెండును, ఒకటిని అలాగే గుర్తులలో పెట్టి కూడితే మూడు రాలేదు. 21 వచ్చింది.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పుకోదగినది. ఇది నా శాస్త్రమే! అంకెను అక్షరంగా చూసినప్పుడు కూడిక అంటే రెంటినీ పక్కపక్కన చేర్చడం. గుణకారం అంటే ఆమ్రేడితం. ‘ఔర’ను రెండుమార్లు అంటే ‘ఔరౌర’ అయినట్లు, ‘2’ను మూడుమార్లు అంటే ‘222’. (ద్విరుక్తిలో రెండవసారి వచ్చిన రూపానికే ఆమ్రేడితమని పేరు. వైయాకరణులైన మిత్రులు ఈ సడలింపును మన్నించాలి.) యంత్రం అక్షరాల మాలను వరుస అన్నది, అంతే. దానిని ఎన్ని పూర్ణసార్లయినా తిరిగి పలుకుతుంది. 0.42 సార్లు పలుకుమంటే ఏమి చేస్తుంది? ‘ఔర’ను 0.42 సార్లు అనమని నన్నడిగితే నేను మాత్రం ఏమి చేసేవాణ్ణి? ‘ఔ’ అని సగంలో నోరు మూసుకోవడమా? చేతకాదని చెప్పింది. అది మర్యాదే.

నేనే ఆ స్థానంలో 1 వంటి పూర్ణసంఖ్యను వేసి ఉంటే ఆ గుణకారం దగ్గర కిమ్మనేది కాదు. రెండు అనే అక్షరాన్ని అలాగే పట్టుకొని ముందుకు పోయి, మరెక్కడో తప్పు చూపించేది. అప్పుడు మూడు రోజులు కాదు, ముప్పై రోజులు పట్టేది నాకు.

దోషం బయటపడినది గుణకారం దగ్గర. పుట్టినది పత్రాన్ని చదివిన చోట. గుణించే వరుసలోనే సర్దుబాటు చేయబోతే పిల్ల ఒప్పుకోలేదు. లోపలికి వచ్చేటప్పుడే మార్చమన్నది. గడపలోనే కాళ్లు కడిగించడం అన్నమాట. చదివిన అంకెను ‘ఇంట్’ అనే ఆజ్ఞకు అప్పగిస్తే అది అక్షరాన్ని సంఖ్యగా మార్చి ఇస్తుంది. నా తెలుగు అంకెలను అంగీకరిస్తుందో లేదోనని సంకోచించాను. ‘౨’ను ఇస్తే మారుమాటాడక 2 అన్నది. యూనికోడు పట్టికలో ప్రతి భాష అంకె పక్కనా దాని విలువ నమోదై ఉంటుందట. కార్యాలయాలలో, బస్సులమీద, చివరకు పాఠ్యపుస్తకాల పుటలమీద కూడా మనం వదిలిపెట్టిన అంకెలను ఆ పట్టిక వదిలిపెట్టలేదు.

వీడియో తయారైంది. గొంతుతో జతపరచి చూశాను. మూడవ అక్షరానికే వెలుగు ముందుకు పోయింది, గొంతు వెనుక ఉండిపోయింది.

ఇందులో యంత్రం తప్పు లేదు. గురువు రెండు మాత్రలనేది శాస్త్రం. ఆమె ఒక గురువును మూడు మాత్రలసేపు నిలిపింది, ఒక లఘువును మింగినట్లు పలికింది. ఆ పద్యాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ సంగతి గమనించడానికి దీపాలు తప్పవలసివచ్చింది. ఆడాసిటీ అనే ఉపకరణంలో ధ్వని గీతను పెద్దదిచేసి, ఒక్కొక్క అక్షరం నిడివి కొలిచాను. నాలుగు రాత్రులు పట్టింది. మాత్రల స్థానంలో ౦.౩౧, ౧.౨౫ అని కొలతలు నింపి, 0.42తో గుణకారం తీసివేసి, ‘ఇంట్’ స్థానంలో దశాంశాలు తెలిసిన ‘ఫ్లోట్’ పెట్టాను.

మళ్లీ ఎరుపు. ఈసారి అడుగునుంచే చదివాను. టైప్ ఎర్రర్ కాదు, వాల్యూ ఎర్రర్. మొదటిది జాతికి సంబంధించినది, అక్షరానికి దశాంశంతో గుణకారం చెల్లదనడం వంటిది. ఇది అలా కాదు. జాతి తగినదే, ఇచ్చిన సరుకు చెల్లలేదు. ౦.౫౦ అని వ్రాసిన వరుసను సంఖ్యగా మార్చలేనంటున్నది. పై వరుసలన్నిటినీ మార్చినది దీనినెందుకు మార్చదు? నా తెరమీది ఖతిలో ఎంత చూసినా తేడా కనబడలేదు. చివరకు ఒక్కొక్క గుర్తునూ దాని యూనికోడు సంఖ్యతో అచ్చువేయించి చూస్తే తెలిసింది. చివరనున్నది సున్న అంకె కాదు. పూర్ణానుస్వారం. ‘అం’లోని సున్న!

వేలు అలవాటైన మీటమీదకు పోయింది. మనం రెంటినీ సున్న అనే పిలుస్తాము. అకారం పక్కన సున్న పెట్టమని కొన్ని వందలమంది పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. యంత్రానికి అది మకారసంబంధి, ఇది శూన్యం. అటువంటివి తొమ్మిది వరుసలు దొరికాయి. అన్నీ దిద్దాను.

ఎర్రర్లు ఆగిపోయాయి. అన్ని నిడివులనూ కూడించి చూస్తే 45.70 సెకన్లు వచ్చింది. టేపులో 47. ఈ 1.30 సెకన్ల లోటును గురించి యంత్రం ఒక్క మాటా అనలేదు. అది అనవలసిన తప్పు కాదు మరి. ఎనభై అక్షరాలూ ఉన్నాయి, ఎనభై నిడివులూ ఉన్నాయి.

టేపు మళ్లీ విన్నాను. మొదట యతిస్థానాలలో వెదికాను, పండితుల అలవాటు! సంస్కృతంలో యతి విరామస్థానం. మన యతి అక్షరాల మైత్రి, అక్కడ ఎవరూ ఆగనక్కరలేదు. ఆమె కూడా పదవ అక్షరం దగ్గర ఆగలేదు. మూడవ పాదం ముగిసిన తరువాత ఊపిరి తీసికొన్నది. నేను అక్షరాలనే కొలిచాను కనుక అది ఏ వరుసలోనూ చేరలేదు.

అరవయ్యవ వరుస తరువాత ఒక వరుస చేర్చాను. అక్షరం ఉండవలసిన చోట ఏమీ లేదు, కామా తరువాత ౧.౩౦. అక్షరం లేనిచోట తెరను ఊరక నిలిపి ఉంచమని ఆజ్ఞ వ్రాసి, సున్నలు మరొకసారి సరిచూసుకొని, వీడియో పంపాను.

ఆ రాత్రే ఫోను చేసింది. పద్యం బాగుందన్నది, రెండవ పాదంలో ఒక మాటకు అర్థమడిగింది, చెప్పాను. తరువాత, “దీపాలన్నీ ఆగిపోయినచోట చిన్న చప్పుడు వినిపిస్తుంది, అదేమిటి తాతయ్యా?” అన్నది.

“గాజులు” అన్నాను.