ఇంట్లో కూర్చుని చూస్తే పోలా?

"అంత దూరం పోయి ఏం చూస్తావు బావా? టీవీలో ఇంకా దగ్గరగా చూపిస్తాడుగా" అని మా బావమరిది అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అబద్ధమైతే వాదించి గెలవచ్చు. నిజమైపోయింది, అదీ బాధ. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే టీవీలో నిప్పు కక్కే మూతి దాకా కనిపిస్తుంది. అక్కడ గ్యాలరీ మెట్ల మీద ఎండలో మాడుతున్నవాడికి చెట్ల పైన ఓ నిప్పుముద్ద, దాని వెనక పొగ. మబ్బు పడితే అదీ అంతే సంగతులు.

ఇంతకీ ఈ మాట అంటున్నదెవరు? 2024 సెప్టెంబరులో ఒకపక్క బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేస్తుంటే, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయని విని, పోలీసులు వెళ్లగొడుతున్నా వెళ్లి చూసొచ్చిన ఘనుడు. ఆ నీళ్లు టీవీలో కనపడలేదా? బెజవాడ వాడికి చూడ్డానికి వెళ్లడం పుట్టుకతో వచ్చిన జబ్బు. గేట్లెత్తారంటే వెళ్తాడు, దసరాకి అమ్మవారి హంసవాహనం కృష్ణలో తిరుగుతుందంటే వెళ్తాడు. అదే ఏడాది అక్టోబరులో పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఎగరేసినప్పుడు మా వాడు ముందు వరసలో ఉన్నాడు. ఉండి ఏం చేశాడు? ఫోను పైకెత్తి అందులోంచి చూశాడు. తలమీద ఆకాశం మొత్తం వెలుగుతుంటే అరచేతంత అద్దంలోకి చూసే జనాన్ని ఏమనాలో నాకు తెలీదు. ఆ వీడియో ఆ తర్వాత వాడు కూడా చూసుకోలేదు. ముందున్నవాడి ఫోను తప్ప నాకేమీ కనపడలేదు, అది వేరే సంగతి.

టీవీ చెయ్యలేనిది ఒకటుంది. మైకు రాకెట్టు దగ్గరే పెడతారు గనక వెలుగూ మోతా కలిసే వస్తాయి. గ్యాలరీలో అలా కాదు. మోత కిలోమీటరుకి మూడు సెకన్లు తీసుకుంటుంది. రాకెట్టు చడీ చప్పుడూ లేకుండా లేచి, చెట్లు దాటి, చాలా దూరం పోయాక అప్పుడు దాని అరుపు వచ్చి మనల్ని తాకుతుంది. చెవికి కాదు, రొమ్ముకి. ఆ మధ్యలో ఉన్న కొద్ది క్షణాలకే నేను బెజవాడ నుంచి పినాకిని రైల్లో సూళ్లూరుపేట దాకా దాదాపు 350 కిలోమీటర్లు వెళ్లేది.

వెళ్లినా అది లేస్తుందన్న నమ్మకం లేదు. గ్యాలరీని జనానికి తెరిచింది 2019లో. ఆ జూలై 15న చంద్రయాన్-2 తెల్లవారుజామున 2.51కి లేవాలి. జనం రాత్రంతా కూర్చున్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లుందనగా గడియారం ఆగింది. అందరూ లేచి పులికాట్ మీదుగా వెనక్కి. వారం తర్వాత, 22న, మధ్యాహ్నం 2.43కి బుద్ధిగా పోయింది. 2023 అక్టోబరులో గగన్‌యాన్ తొలి పరీక్ష ఐదు సెకన్ల ముందు ఆగి, చివరికి పదింటికి ఎగిరింది. ఆగిపోయినవాటిని కూడా నేను చూసినట్టే లెక్క వేసుకుంటాను. మా వాడు ఒప్పుకోడు.

దిగేదాన్ని చూసే యోగం మనకి లేదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి విక్రమ్ చంద్రుడి మీద దిగితే శ్రీహరికోట వాళ్లూ, మనమూ, అందరం టీవీ ముందే. ఫ్లోరిడాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు నయం, వెళ్లిన రాకెట్టు నిలువునా తిరిగొచ్చి నిలబడటం కళ్లారా చూస్తున్నారు. 2021 జూలైలో బండ్ల శిరీష అంతరిక్షం అంచు దాకా పోయి, న్యూమెక్సికోలో రన్‌వే మీద దిగింది. మూలాలు మన గుంటూరు జిల్లావే అయినా దిగింది అక్కడ. దగ్గర్లో మనకొచ్చేదల్లా మా దివిసీమలో గుల్లలమోద క్షిపణి పరీక్షల కేంద్రం. 2025 మే 2న ప్రధాని అమరావతి నుంచే శంకుస్థాపన చేశారు. అక్కడ మనకి గ్యాలరీ వేస్తారని నేననుకోను.

దివిసీమ అంటే గుర్తొచ్చింది. ఆకాశంలోంచి దిగేదాని కోసం మా ఊరు ఊరంతా ఒక రాత్రి మేలుకుంది. 1979 జూలై 11. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం. 77 టన్నుల డబ్బా, ఎక్కడ పడుతుందో పంపినవాళ్లకే తెలీదు. ఉప్పెన వచ్చి రెండేళ్లు కూడా కాలేదు, ఇంటింటికీ ఒక మనిషో ఇద్దరో లేరు, మళ్లీ ఇదొకటి. వారం ముందునుంచే ఊళ్లో కోళ్లన్నీ కూరలైపోయాయి. అప్పిచ్చినవాళ్లు వడ్డీ అడగడం మానేశారు, అప్పున్నవాళ్లు మొదటిసారి కడుపునిండా నవ్వారు. మా నాయనమ్మ మాత్రం పెట్టకోడిని కొయ్యనివ్వలేదు. "ఉప్పెనకే పోనిదాన్ని, ఈ రేకు డబ్బాకి పోతానంట్రా?" అని నులక మంచం మీద అటు తిరిగి పడుకుంది. మా నాన్న రేడియో అరుగు మీదికి తెచ్చాడు. మేం పిల్లలం వాకిట్లో మంచాలు వేయించుకుని, పడితే చెరువులో పడాలి, అప్పుడు ఇనుము మనదే అని పంచుకున్నాం. ఎన్ని ముక్కలు ఎవరికన్న దగ్గర తగువు కూడా వచ్చింది. ఆకాశం నిండా మబ్బు. ఒక్క చుక్క లేదు. ఎప్పుడు నిద్రపోయామో.

అది మనకి రాత్రి పది దాటాక విరుచుకుపడిందట, హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ. నెల తిరక్కుండా, ఆగస్టు 10న, మన మొట్టమొదటి ఎస్సెల్వీ శ్రీహరికోటలో లేచి బంగాళాఖాతంలో పడింది. దానికెవరూ కోళ్లు కొయ్యలేదు. ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊళ్లో పదిహేడేళ్ల కుర్రాడికి ఇంటి దగ్గర స్కైలాబ్ ముక్కలు దొరికాయి. పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి ఓ పత్రిక వాళ్లిస్తామన్న పదివేల డాలర్లు పుచ్చుకున్నాడు. మా చెరువులో పడి ఉంటే ఆ పంపకం ఈనాటికీ తెగేది కాదు. ఎస్పరెన్స్ పంచాయతీ వాళ్లయితే, మా ఊళ్లో చెత్త పోశారని అమెరికా వాళ్లకి 400 డాలర్లు జరిమానా రాశారు. వాళ్లు కట్టలేదు. 2009లో ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు వసూలు చేసి కట్టాడు.