మూసారాంబాగ్‌లో దిగితే ఒక ఫ్రెంచి దొర

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటాక వచ్చే స్టేషన్ మూసారాంబాగ్. మూసీ దగ్గర్లో రాముడి గుడి ఏదో ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందని నా కొలీగ్ ఒకడు గట్టిగా వాదించాడు. నిజానికి ఆ పేరులో మూసీ లేదు, రాముడూ లేడు. అందులో ఉన్నది రేమండ్ అనే ఒక ఫ్రెంచి సైనికాధికారి. ‘మోసియే రేమండ్’ అనే పిలుపు మన నోళ్లలో నలిగి నలిగి మూసారాం అయింది. హిందువులకు ఆయన మూసారాం, ముస్లింలకు మూసా రహీం అని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు దాటి ఆస్మాన్‌గఢ్ వైపు వెళ్తే గుట్ట మీద ఆయన సమాధి కనిపిస్తుంది. సుమారు 7 మీటర్ల ఎత్తున్న రాతి స్తంభం, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు, పక్కనే స్తంభాల మంటపం. ఈ మంటపం 2001లో కూలిపోతే మళ్లీ కట్టారు.

రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో సరుకు అమ్ముకుందామని పుదుచ్చేరి వచ్చాడు. వ్యాపారం పక్కన పెట్టి కత్తి పట్టాడు. మొదట మైసూరులో హైదర్ అలీ కొలువులో, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు. బుస్సీ చనిపోయాక 1786లో రెండో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. మా భాషలో చెప్పాలంటే మూడో కంపెనీ.

చేరినప్పుడు ఆయన చేతికింద ఉన్నది 300 మంది. వాళ్ల తుపాకులు కూడా అద్దెవేనని చరిత్రకారులు రాశారు. పన్నెండేళ్లు తిరిగేసరికి అది దాదాపు 14,000 మంది సైన్యమైంది. యూరప్ పద్ధతిలో కవాతు, సొంత ఫిరంగులు. ఆ ఫిరంగులు పోసిన కార్ఖానా పేరే ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ. ఎస్‌బీఐ ఆఫీసు దగ్గర బస్సు దిగేవాళ్లు రోజూ ఆ పేరు పలుకుతూనే ఉంటారు.

1795 మార్చిలో ఖర్దా దగ్గర నిజాంకు మరాఠాలతో యుద్ధం జరిగింది. నిజాం ఓడిపోయాడు. కానీ ఆ గందరగోళంలోనూ రేమండ్ దళం వరస చెదరకుండా నిలబడింది. వెనక్కి రమ్మని నిజామే కబురు పంపాక వెనుదిరిగింది. అదే ఏడాది నిజాం కొడుకు అలీజా తండ్రి మీద తిరగబడితే అణచడానికి వెళ్లిందీ రేమండే.

1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. అప్పటికి 43 ఏళ్లు కూడా నిండలేదు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచివాళ్లను పంపించెయ్యాలన్నది అందులో ఒక షరతు. అక్టోబరులో ఇంగ్లిషు సైన్యం చుట్టుముట్టేసరికి, జీతాల బాకీ కోసం సిపాయిలే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు. పెద్ద పోరాటం ఏమీ లేకుండానే అన్ని వేల మంది ఆయుధాలు కింద పెట్టేశారు. ఆయన పన్నెండేళ్లు కట్టింది ఏడు నెలల్లో పోయింది.

సముద్రం దాటి మనదగ్గరికి వచ్చినవాడి పేరు తూర్పున మూసారాంబాగ్‌లో ఉంటే, ఇక్కణ్ణించి సముద్రం దాటి వెళ్లినవాళ్ల పేరు పడమట మాసాబ్‌ట్యాంక్ పక్కన ఉంది. అక్కడి ఫస్ట్ లాన్సర్ బస్తీ నిజాం అశ్విక దళం పేరుతో వెలిసింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే హైదరాబాద్ లాన్సర్లు గుర్రాలతో సహా ఈజిప్టు వెళ్లారు. సూయజ్ కాలువకు కాపలా కాశారు, తర్వాత పాలస్తీనాలో పోరాడారు. ఎదుట ఉన్నది టర్కీ సైన్యం. ఆ దేశపు సుల్తానే ముస్లింలకు ఖలీఫా. అయినా బ్రిటిష్ వాళ్ల వైపే నిలబడమని ఏడో నిజాం తన ప్రజలకు చెప్పాడు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు దళాలు ఈటెలతో హైఫా పట్టణం మీదికి దూసుకెళ్లాయి. అదే బ్రిగేడుకు చెందిన మన లాన్సర్లకు మాత్రం ఖైదీల తరలింపు పని పడింది. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు.

ఈ రెండు కథలూ నన్ను పట్టుకోవడానికి కారణం ఉంది. జర్మనీలో ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వచ్చి నా మెయిల్‌లో కూర్చుంది. నాన్న అప్పుడే జీతాన్ని రూపాయల్లోకి మార్చి లెక్కలు వేస్తున్నాడు. అమ్మ మాత్రం, ‘‘వెళ్లినోళ్లు ఎన్నేళ్లకు వస్తార్రా?’’ అని అడిగి ఊరుకుంది. రేమండ్ కూడా జీతం కోసం వచ్చినవాడే. లాన్సర్లు ఎవరి యుద్ధమో చేసి తిరిగొచ్చారు. ఆయన తిరిగి వెళ్లలేదు. పరాయివాడైన ఆ దొరకు ఈ ఊరివాళ్లు చాలాకాలం వర్ధంతి రోజున దీపాలు, అగరొత్తులు వెలిగించి ఉర్సులా జరిపేవారట. ఆయన సైన్యం సంగతి మరిచిపోయినవాళ్లే పేరును మాత్రం తమ నోటికి తగ్గట్టు మార్చుకుని ఉంచుకున్నారు. అంతమంది సిపాయిలు జీతాల దగ్గర విడిపోతే, ఏ జీతమూ తీసుకోని బస్తీ జనం ఆయన్ను గుర్తుపెట్టుకోవడం నాకు చిత్రంగా తోచింది.

చూడాలనుకుంటే ఉదయం పూటే వెళ్లండి, ఎండ తగలదు. రేమండ్ సమాధి అంటే ఆటోవాళ్లకు తెలియకపోతే ఆస్మాన్‌గఢ్ అని చెప్పండి. జర్మనీ వాళ్లకు నేను శుక్రవారంలోగా జవాబివ్వాలి.